పొర అని చెప్పింది నేనే

మా నాయన కళ్ళ మీద చాలా కాలం ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకంటే ఆయన పేపరు చదివేవాడు. అరవదేశంలో, పీలమేడులో మేముండిన మిల్లు లైను ఇండ్ల వాకిట్లో స్టూలు వేసుకుని, అరవ పేపరును మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, సినిమా ప్రకటనల కింద ఉండే చిన్న అచ్చు కూడా వదలకుండా చదివేవాడు. అమ్మ రవికె కుట్టుకోవాలంటే సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది ఆయనే. అరవై దగ్గర పడిన మనిషికి ఇంతకంటే చూపు ఏం కావాలి అనుకునేవాళ్ళం.

ఆయన మిల్లులో నూలు వడికే రింగు ఫ్రేముల దగ్గర పనిచేశాడు. వరసగా తిరిగే వందల కదుళ్ళ మధ్య నడుస్తూ, ఎక్కడ పోగు తెగినా ఓరకంటితో పట్టుకుని, వేలికొనతో అతికి, ఆగకుండా ముందుకు పోవడం ఆ పని. ముప్ఫై ఏళ్ళకు పైగా చేశాడు. చివరి ఏడాది మాత్రం తెగిన పోగులు ఆయన వెనక మిగిలిపోతూ ఉండేవట. సామాన్ల బండి మోకాలికి తగిలి, రెండు రోజులకొక కొత్త దెబ్బతో ఇంటికొచ్చేవాడు. మేస్త్రీ మంచివాడు, ఏమీ అనలేదు. నాయనే అమ్మతో, "వయసు అయిపోయె. కాళ్ళు మాట వినడం లే," అనేవాడు. తప్పంతా కాళ్ళ మీద వేశాడు. ఆ ఏడాది ఆఖర్లో రిటైరయ్యాడు.

నేను అదే మిల్లు ఆస్పత్రిలో చీటీలు రాసేదాన్ని. ఆస్పత్రి అంటే రెండు గదులు, ఒక డాక్టరు, ఒక కాంపౌండరు, వాకిలి పక్కన బల్ల వేసుకుని నేను. పదో క్లాసు అరవంలో చదివి చేరాను. ఆరేడేళ్ళలో ఏ మాత్ర దేనికి ఇస్తారో, ఏ జ్వరానికి ఎన్ని రోజులు సెలవు రాస్తారో నోటికొచ్చేసింది. సాయంత్రం ఇంటికి రాగానే లైను ఇండ్ల ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని మా గడప దగ్గరికి వచ్చేవారు. "దీనికి దగ్గు తగ్గలే, ఏమి తాపేది?" అని అడిగేవారు. నాకు సగం డాక్టరమ్మ అని పేరు పెట్టారు. పెళ్ళి కాలేదు, ఇంట్లో నేను, అమ్మ, నాయన ముగ్గురమే. ఆ పేరు నాకు ఎంత ఇష్టంగా ఉండేదో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

రిటైరైన కొన్నాళ్ళకు భోజనాల దగ్గర గొడవలు మొదలయ్యాయి. అమ్మ కంచం అంచున పొరియల్ కూర పెట్టేది. నాయన మధ్యలో ఉన్న అన్నం, చారు తిని లేచిపోయేవాడు.

"బీన్సు ఎందుకు విడిస్తిరి? బాగలేదా?"

ఆయన తల వంచి వెతికి, "ఓ, పెట్టినావా?" అనేవాడు.

అమ్మకు అది వెక్కిరింపులా వినబడేది. ముప్ఫై ఐదేళ్ళుగా తన వంటను ఒక్క మాట అనని మనిషి ఇట్లా మారిపోయాడేమని రెండు రోజులు మాట్లాడేది కాదు.

తర్వాత సైకిలు. మా సందు మలుపులో, పక్క నుంచి బిందెతో వస్తున్న ఒకామెను గుద్దేశాడు. ఆమె చెయ్యి వాచింది. జనం పోగయ్యారు. మిట్టమధ్యాహ్నం, అంత దగ్గర ఉన్న మనిషిని చూడలేదంటే ఎవరు నమ్ముతారు? తాగి ఉన్నాడని ఎవరో అన్నారు. నేను ఆస్పత్రి నుంచి పరుగెత్తి వచ్చేసరికి ఆయన కింద పడిన సైకిలు పక్కనే వంగి, బిందె ఎత్తి ఇవ్వాలని నేల మీద చేత్తో తడుముతున్నాడు. నేను అందరి ముందర అడిగాను.

"నాయనా, తాగినారా?"

మా నాయన జన్మలో కల్లు కూడా ముట్టినవాడు కాదు. నా వైపు చూసి, "లే అమ్మణి," అన్నాడు. అంతే. సైకిలు తోసుకుంటూ ఇంటికి నడిచాడు. మళ్ళీ దాన్ని ఎక్కలేదు.

ఆ సాయంత్రమే నేను టార్చి లైటు తెచ్చి ఆయన్ని వాకిట్లో కూర్చోబెట్టి కళ్ళు చూశాను. మా డాక్టరు ముసలివాళ్ళకు అట్లా చూడడం రోజూ చూసినదాన్నే. నల్లగుడ్డు మధ్యలో కాస్త బూడిదరంగు కనబడింది. ఆ వయసులో ఎవరి కంట్లో చూసినా అంత కనబడుతుందని నాకు తెలియదు. డాక్టరు అలాంటివాళ్ళకు చెప్పే మాట మాత్రం తెలుసు. అదే చెప్పాను.

"పొర నాయనా. ఇంకా లేతగా ఉంది. ముదరాల. ముదిరినాక తీసేస్తారు, మళ్ళా బాగా కనబడతాది."

ఆయన ముఖం విప్పారింది. "అంతేనా? కాళ్ళది కాదా?" అన్నాడు. మరుసటి రోజు నుంచి టీకొట్టు దగ్గర, రేషన్ కొట్టు దగ్గర ఎవరు పలకరించినా, "పొర వచ్చిందంట. మా అమ్మణి చూసి చెప్పింది. ముదరాలంట," అని చెప్పుకునేవాడు.

డాక్టరు నా పక్క గదిలోనే కూర్చునేవాడు. రోజూ పొద్దున ఎనిమిదింటికి ఆయనకు నమస్కారం పెట్టేదాన్ని. ఒక మాట అడిగి ఉంటే ఆయన చూసేవాడో, పెద్ద ఆస్పత్రికి రాసి ఇచ్చేవాడో. అడగలేదు. తీరిక లేక కాదు, భయపడి కాదు. నేను అప్పటికే చెప్పేశాను గనక.

రెండేళ్ళు ఆగాం. ఆ రెండేళ్ళలో నాయన నన్ను ఒకసారి అడిగాడు. అన్నం తిని చెయ్యి కడుక్కుని, తువ్వాలు కోసం గోడ తడుముతూ అడిగాడు.

"అమ్మణి, ఈ పొర పక్కల నుంచి వస్తాదా? నడిమి బాగానే ఉండాది. పక్కలు లే. గొట్టంలోంచి చూసినట్టు ఉండాది."

నేను బట్టలు మడుస్తూ ఉన్నాను. తల ఎత్తకుండానే, "ఆమా నాయనా, అట్లనే వస్తాది," అన్నాను.

నాకు తెలియదు. తెలియదని చెప్పలేదు. నేను ఎప్పుడు కళ్ళు మూసుకున్నా ఇప్పటికీ ఆ మాటే నా నోట్లో ఉంటుంది.

మదురైలో మా పిన్నమ్మ, అమ్మ చెల్లెలు, ఉండేది. ఆమె ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు నాయనకు నీళ్ళు ఇస్తే, ఆయన లోటా పక్కన గాలిని పట్టుకోబోవడం చూసింది. "ఇంకా ఎన్నాళ్ళు ముదరాల? మా ఊళ్ళో పెద్ద కంటి ఆస్పత్రి ఉండాది. పొర తీసి పంపిస్తారు, బయల్దేరండి," అని పట్టుబట్టింది. నాయన పెళ్ళికి పోతున్నట్టు తెల్ల పంచె కట్టుకుని బయల్దేరాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. పల్లడం, ధారాపురం, ఒట్టన్‌ఛత్రం, దిండిగల్లు. ఊరు వచ్చినప్పుడల్లా నేను పేరు చెప్పేదాన్ని. "వచ్చేటప్పుడు నువ్వు చెప్పద్దు, నేను బోర్డులు చదువుతా," అన్నాడు.

అమ్మను పిన్నమ్మ ఇంట్లో ఉంచి, మేమిద్దరమే ఆస్పత్రికి పోయాం. ఒకచోట పేరు రాశారు, ఒకచోట మందు వేశారు, ఒకచోట కంటి లోపలి ఒత్తిడి కొలిచారు. కొలిచిన అమ్మాయి రెండోసారి కొలిచి, ఇంకొకరిని పిలిచింది. మమ్మల్ని ఒక చీకటి గదిలోకి తీసుకుపోయారు.

ఆ గదిలో పెద్ద గిన్నెలాంటి తెల్లటి యంత్రం ఉంది. నాయన గడ్డం దాని అంచున ఆనించి, ఒక కన్ను మూసి, ఎదురుగా ఉన్న చుక్కనే చూడమన్నారు. గిన్నె లోపల ఒక చిన్న వెలుగు చుక్క తిరుగుతుంది, అది కనబడినప్పుడల్లా బల్ల మీద తట్టమన్నారు. నేను పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నాను. నా చోటి నుంచి గిన్నె లోపలి వైపు కనబడుతూంది.

వెలుగు వచ్చింది. పై నుంచి మెల్లగా కిందికి దిగింది. పక్కకు పోయింది. మళ్ళీ ఇంకొక వైపు నుంచి వచ్చింది. నాయన చెయ్యి బల్ల మీద సిద్ధంగా ఉంది, వేళ్ళు కొంచెం ఎత్తి పెట్టుకుని. ఆయన తట్టలేదు. వెలుగు చుట్టూ తిరిగి తిరిగి వస్తూంది. నాకు అంత బాగా కనబడుతూంది. చాలా సేపటికి నాయన ఎంతో మర్యాదగా అరవంలో అడిగాడు.

"ఇంకా మొదలుపెట్టలేదా అమ్మా?"

యంత్రం వెనక ఉన్న అమ్మాయి వెలుగును ఇంకాస్త లోపలికి జరిపింది. వెలుగు గిన్నె నడుమకు దగ్గరగా వచ్చాక ఆయన ఒక్కసారి తట్టాడు. ఆనందంగా, గట్టిగా తట్టాడు.

లోపల ఉన్న డాక్టరమ్మ కాగితం మీద గీసిన బొమ్మ చూపించింది. పెద్ద వలయంలో మిరియపు గింజంత చోటు. కుడికంట్లో మిగిలింది అదే. ఎడమకంట్లో అదీ లేదు. ఇది పొర కాదు అంది. కంటి లోపల నీటి ఒత్తిడి పెరిగి నరం ఎండిపోయే జబ్బు, నొప్పి ఉండదు, అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది, నడిమి చూపు ఆఖరున పోతుంది, అందుకే పేపరు చదవగలిగాడు అంది. పోయింది ఇక రాదు, ఉన్నది నిలబెట్టడానికి చూద్దాం అంది. ఆమె మాటలో కోపం లేదు, అలసట ఉంది.

"ఇవ్వళవు నాళ్ ఎంగే ఇరుందీంగ?" అని అడిగింది, ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు అని. "రెండేళ్ళ ముందు వచ్చి ఉంటే ఎంతో చూపు దక్కేది. ఎవరు ఆగమన్నది మిమ్మల్ని?"

నేను నోరు తెరిచాను. అంతలోనే నాయన అందుకున్నాడు.

"ఎవరూ అనలేదమ్మా. నేనే. కత్తి అంటే భయపడి రాలేదు. నా కూతురు ఆస్పత్రిలోనే పని చేస్తుంది. అప్పటి నుంచీ పిలుస్తానే ఉంది. నేనే వినలేదు."

అబద్ధం ఆడడం ఆయనకు చేతకాదు. చెప్తున్నంత సేపూ పంచె అంచు నలుపుతున్నాడు. డాక్టరమ్మ నా వైపు చూసి, "మీరైనా గట్టిగా లాక్కుని రావలసింది," అంది. నేను తల ఊపాను.

బయట మెట్ల మీద ఆయన్ని ఆపి అడిగాను. "ఎందుకు అట్ల చెప్పినారు నాయనా?"

"మెల్లగా మాట్లాడు. నాకు పోయింది పోయె. రేపు నువ్వు మళ్ళా ఆ బల్ల కాడ కూర్చోవాల. పదిమంది నిన్ను అడిగి పోతారు. వాళ్ళు అడక్కుండా పోతే నీకు ఏముంటాది?" నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు. "మీ అమ్మకు తెలియకూడదు. నా మీద ఒట్టు."

పిన్నమ్మ ఇంటికి పోగానే అమ్మ ఎదురొచ్చింది. పొర తీసేస్తారన్న ఆశతో ఉంది. నాయన గోడకు ఆనుకుని కూర్చుని అదే అబద్ధం రెండోసారి చెప్పాడు. ఈసారి బాగా చెప్పాడు. "పిల్ల అప్పుడే రమ్మనె. నేనే ఆలస్యం చేస్తిని." అమ్మ నెత్తి కొట్టుకుని ఏడ్చింది. నేను పిన్నమ్మ ఇచ్చిన కాఫీ లోటా పట్టుకుని నిలబడి ఉన్నాను. చెప్పడానికి అదొక్కటే సమయం. కాఫీ తాగాను.

వారం తర్వాత కుడికంటికి ఆపరేషన్ చేశారు, ఉన్నదాన్ని నిలబెట్టడానికి. పూటపూటకూ వేయాల్సిన చుక్కల మందు రాశారు. వచ్చేటప్పుడు బస్సులో ఆయన కంటికి గుడ్డ కట్టి ఉంది. బోర్డుల మాట ఎవరం ఎత్తలేదు.

ఈ జబ్బు రక్తంలో ఉంటుంది, తోడబుట్టినవాళ్ళకు చూపించండి అని డాక్టరమ్మ చెప్పింది. సింగానల్లూరులో మా చిన్నాయన ఉన్నాడు, నాయనకు ఒక్కడే తమ్ముడు, ఇంకా మిల్లులోనే పని. ఇంటికి రాగానే నాయన మొదట పిలిపించింది తమ్ముణ్ణే. చిన్నాయన వచ్చి నవ్వాడు. "నాకేమి? ఉక్కడం బస్సు అంత దూరాన ఉండంగనే నంబరు చెప్తా." నాయన గొంతు పెంచడం ఆ రోజే విన్నాను. "నేనూ పేపరు చదివితిని రా! పో, ఆ పిల్లతో పో!" మరుసటి వారమే నేను చిన్నాయన్ని మదురై తీసుకుపోయాను. ఆయనకూ ఉంది. కానీ మొదట్లో ఉంది. మందుతోనే ఆగిపోయింది. ఈ రోజుకూ ఆయన సందులో పక్క నుంచి వచ్చే మోపెడ్‌ను చూసి తప్పుకుంటాడు. ఎనభై దాటాయి. ఆయన్ని చూసినప్పుడల్లా నాకు సంతోషమే. ఆ సంతోషం వెంట వచ్చేదాన్ని మాత్రం ఎవరికీ చెప్పుకోలేను.

నాయనకు ఆ మిరియపు గింజంత చూపు మూడేళ్ళు ఉంది. దాంతో ఆయన మనుషుల్ని ముక్కలుగా చూసేవాడు. నన్ను వాకిట్లో వెలుతురుకు కూర్చోబెట్టి కన్ను, ముక్కు, చెవి కమ్మ ఒక్కొక్కటే చూసి, "నెరిసినాయే నీకు," అన్నాడు ఒకరోజు.

అమ్మ మాత్రం ఆయన్ని క్షమించలేదు. ప్రేమ లేక కాదు, బాధ అట్లా బయటికి వచ్చేది. గడప తగిలి పడినా, చారు పంచె మీద ఒలికినా, చెప్పుల కోసం తడుముకున్నా ఆమెకు ఒకటే మాట. "పిల్ల అంత చెప్పినా వినకపోతిరే! చేజేతులా పోగొట్టుకుంటిరే!" ఆయన ప్రతిసారీ, "ఆమా, తప్పు నాదే," అనేవాడు. గొణుక్కుంటూ కాదు, ఒప్పుకుంటున్నట్టు అనేవాడు. నేను పక్కన ఉంటే ఆయన ముఖం నా వైపు తిరిగేది. నోరు తెరవద్దని. నేను తెరిచేదాన్ని కాదు. ఒట్టు ఉంది అనుకునేదాన్ని. ఒట్టు లేకపోతే మాత్రం తెరిచేదాన్నా?

ఆఖరి వెలుగు పోయాక మదురైలో మళ్ళీ చూశారు. ఇక చుక్కలు అక్కర్లేదు, వేసినా లాభం లేదు అన్నారు. నన్ను పక్కకు పిలిచి చెప్పారు. నేను ఆయనకు చెప్పలేదు. ఇంటికొచ్చి మునుపటిలాగే పొద్దున, సాయంత్రం మంచం దగ్గర నిలబడి, "తల ఎత్తండి నాయనా," అనేదాన్ని. ఆయన ఎత్తేవాడు. చుక్క పడగానే రెప్పలు మూసుకుని, నేను చెప్పినంత సేపూ మూసుకునే ఉండేవాడు. ఏడు నెలలు వేశాను. ఒక సాయంత్రం నేను సీసా మూత తీస్తూంటే ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"చాలు అమ్మణి. దీంతో ఏమీ లేదని నాకు తెలుసు. నీ మనసుకు ఉండనీ అని ఇన్నాళ్ళూ వేసుకుంటి. ఇంక నువ్వూ విడిచిపెట్టు."

చీకట్లో ఇంకా ఐదేళ్ళు బతికాడు. రేడియో వినేవాడు. మిల్లు సంగు, అంటే సైరను, ఊదితే ఏ షిఫ్టో చెప్పేవాడు. లైను ఇండ్ల వాళ్ళు నన్ను అడగడం మానలేదు. ముసలివాళ్ళ కళ్ళ సంగతి ఎవరు ఎత్తినా నేను ఒకటే చెప్పేదాన్ని, నాకు తెలియదు, ఈపొద్దే డాక్టరు కాడికి పోండి అని. ఎంతమందిని అట్లా తోలి పంపానో. నాయన ఒక చలికాలం జ్వరంతో మూడు రోజులు మంచాన పడి పోయాడు.

పెద్దకర్మ అయిన నెలకు అమ్మ ఒక మధ్యాహ్నం ఆయన కంచం కడుగుతూ మళ్ళీ అదే మాట ఎత్తింది. "ఆ పొద్దు నీ మాట విని ఉంటే కళ్ళతో పోయి ఉండేవాడే." తట్టుకోలేకపోయాను. చెప్పేశాను. టార్చి లైటు నుంచి మెట్ల మీద ఒట్టు దాకా అన్నీ. చెప్తే తేలికవుతుందని అనుకున్నాను. ఆమె తిడుతుందని, కొడుతుందని, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

అమ్మ కంచం తుడిచి బోర్లించింది. "ఎనిమిదేళ్ళు," అంది. "ఎనిమిదేళ్ళు నేను ఆయన్ని తిడతా ఉంటినే."

అప్పుడు నాకు అర్థమైంది నేనేం చేశానో. నా బరువు దించుకుని ఆమె నెత్తిన పెట్టాను.

నాలుగు రోజులకు ఆమె చెల్లెలి ఇంటికి పోయి వస్తానని మదురై బస్సు ఎక్కింది. ఒక నెల అయింది, మూడు నెలలు అయ్యాయి. ఉత్తరం రాస్తే పిన్నమ్మే జవాబు రాయించేది. నేను సెలవు పెట్టి పిలుచుకుని రావడానికి పోయాను. అమ్మ పిన్నమ్మ వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూంది. నాకు చోటు చేసి, నా ముందుకు కొన్ని కాయలు తోసింది. ఇద్దరం కాసేపు ఒలిచాం.

"ఇంటికి పోదామా అమ్మా?" అన్నాను. "నా మీద కోపంగా ఉంటే తిట్టు. ఇక్కడే ఉండిపోతే ఎట్ల?"

"నీ మీద కోపం లే," అంది అమ్మ. చేతిలో పని ఆపలేదు. "చిన్నపిల్లవి, తెలియక చెప్తివి. ఆయన తెలిసే ఆ నింద మోసె. నాకు ఆ ఇంట్లో కూర్చుంటే నా మాటలే నాకు వినబడతా ఉండాయి. అందుకే రాలే."

నాకప్పుడు నలభై ఏళ్ళు. చిన్నపిల్లవి అంది.

అమ్మ మళ్ళీ పీలమేడు ఇంటికి రాలేదు. పిన్నమ్మ ఇంట్లోనే ఆరేళ్ళు ఉండి, అక్కడే పోయింది. కాయలు ఒలిచిన ఆ రోజు మాత్రం, సాయంత్రం బస్సుకు నన్ను ఎక్కించడానికి ఆమె స్టాండు దాకా వచ్చింది. కిటికీ లోంచి నా చేతికి చిక్కుడు గింజల మూట అందించి, బస్సు కదిలేదాకా నిలబడింది.